ఫాల్స్ వీధుల నాయకుడు జోసెఫ్ డెవ్లిన్

దేశమును రెండుగ చీల్చు గీత పటముమీద గీయబడినపుడు, దాని కిరువైపుల వెలసిన ప్రభుత్వములను గూర్చి చరిత్రకారులు విరివిగ వ్రాయుదురు. తాము కోరని వైపున మిగిలిపోయిన ప్రజలను గూర్చియు, వారి పక్షమున జీవితాంతము పెనగులాడిన నాయకులను గూర్చియు వ్రాయువారు తక్కువ. విభజన యనగా నేమో 1947లో చూచిన మన దేశమువారికి అట్టివారి కథ వినదగినది. ఐర్లండు ఉత్తరభాగమున బెల్‌ఫాస్టు నగరములో పుట్టి, ఆ నగరములోనే కన్నుమూసిన జోసెఫ్ డెవ్లిన్ అట్టి నాయకుడు.

ఐర్లండు రాజకీయములు ఒకప్పుడు తెలుగువారికి పరిచితములే. 1916లో అనీబిసెంటమ్మ మద్రాసున స్థాపించిన హోంరూల్ లీగునకు ఆ పేరు ఐర్లండునుండియే వచ్చినది. తరువాతి కాలమున భారత రాష్ట్రపతియైన వరాహగిరి వెంకటగిరి 1913 మొదలు 1916 వరకు డబ్లిన్ నగరములో న్యాయశాస్త్రము చదివి, అక్కడి జాతీయోద్యమపు వేడి కంటితో చూచి వచ్చినవాడు. డి వలేరా పేరు మన పెద్దలు తరచు తలచిన పేరు. కాని ఆ డి వలేరాను 1918 ఎన్నికలలో ఒక నియోజకవర్గమున చిత్తుగ ఓడించిన వాడొకడున్నాడనియు, అతడే డెవ్లిన్ అనియు ఎరిగినవారు అరుదు. గెలిచినవాడు మరుగున పడి, ఓడినవాడు దేశాధినేత యగుట ఎట్లు సంభవించినదో తెలిసికొనుటకు ఆ నగరమును ముందుగ చూడవలెను.

ఒకే నగరము, రెండు వీధులు

ఐర్లండు దేశమున అధికసంఖ్యాకులు కాథలిక్కులు. ఉత్తరమున నున్న అల్‌స్టర్ ప్రాంతమున మాత్రము, పదునేడవ శతాబ్దిలో ఇంగ్లండు, స్కాట్లండు దేశములనుండి వచ్చి భూములు పొందిన ప్రొటెస్టెంటుల సంతతి బలముగ నాటుకొన్నది. వీరిలో పెక్కుమంది బ్రిటనుతో ఐక్యమును కోరు యూనియనిస్టులు. కాథలిక్కులలో పెక్కుమంది డబ్లిన్‌లో స్వంత పార్లమెంటు కావలెనను జాతీయవాదులు. మతమును బట్టి రాజకీయము, రాజకీయమును బట్టి నివాసము, నివాసమును బట్టి కొలువు నిర్ణయమగు సమాజ మది.

పందొమ్మిదవ శతాబ్దిలో అవిసెనార మిల్లుల వలనను, ఓడల కార్ఖానాల వలనను బెల్‌ఫాస్టు మహానగరమైనది. 1911 నాటికి జనసంఖ్య సుమారు 3,87,000. అందు కాథలిక్కులు నాలుగింట ఒకవంతు. టైటానిక్ ఓడ నిర్మాణము జరిగినది ఇక్కడనే. ఓడల కార్ఖానాలలో మంచి కూలి దొరకు పనితనపు కొలువులు చాలవరకు ప్రొటెస్టెంటులకు దక్కెడివి. కాథలిక్కు మగవారికి రేవులో బరువులు మోయు పనియు, ఆడువారికి నారమిల్లును మిగిలెడివి. ఫాల్స్ రోడ్డు కాథలిక్కులది. కూతవేటు దూరమున షాంకిల్ రోడ్డు ప్రొటెస్టెంటులది. పేదరికము రెండింటను ఒక్కటియే. 1886లో మొదటి హోంరూల్ బిల్లు వచ్చిన వేసవిలో ఈ వీధులలో అల్లరులు చెలరేగి పలువురు మరణించినారు. అప్పటికి డెవ్లిన్ పదునైదేండ్ల బాలుడు.

బండివాని కుమారుడు

జోసెఫ్ డెవ్లిన్ 1871 ఫిబ్రవరి 13వ తేదీన దిగువ ఫాల్స్ ప్రాంతమున హామిల్ వీధిలో జన్మించినాడు. తండ్రి చార్లెస్ బాడుగ గుర్రపుబండి తోలెడివాడు. తల్లి ఎలిజబెత్ ఇంటియందే చిల్లర సరకులు అమ్మెడిది. ఇరువురును టైరోన్ జిల్లానుండి బ్రతుకుదెరువు వెదకికొనుచు నగరము చేరినవారు. క్రిస్టియన్ బ్రదర్స్ అను మఠమువారి పాఠశాలలో పన్నెండవయేటి వరకు బాలుడు చదివినాడు. ఆ పాఠశాలలో ఐర్లండు చరిత్రను స్వదేశాభిమానము కలుగునట్లు బోధించెడివారు. పై చదువునకు తాహతు లేదు.

1886లో పశ్చిమ బెల్‌ఫాస్టు నియోజకవర్గమున థామస్ సెక్స్టన్ అను జాతీయవాది స్వల్పాధిక్యముతో గెలిచినాడు. ఆ విజయమునకు గుర్తుగ ఫాల్స్ యువకులు ఒక వక్తృత్వ సంఘము పెట్టుకొనగా డెవ్లిన్ దానికి అధ్యక్షుడైనాడు. మనిషి చాల పొట్టి. కంఠము మాత్రము పెద్దది. నగరములోని జనము ఆయనను బుల్లి జో అని పిలువసాగినారు. ఆ ముద్దుపేరు చివరివరకు నిలిచినది.

1891 మొదలు రెండేండ్లు ఐరిష్ న్యూస్ పత్రికలో విలేఖరిగ పనిచేసి, అటుపిమ్మట డబ్లిన్‌నుండి వెలువడు ఫ్రీమన్స్ జర్నల్ పత్రికకు వార్తలు వ్రాసినాడు. మద్యశాలలో కొలువు చేసినాడు. సభలు కూర్చుట, చందాలు వసూలు చేయుట, ఓటర్ల జాబితాలు సరిచూచుట మొదలగు చిల్లర పనులన్నియు ఆయన చేతిమీదుగ నడిచెడివి. వీధివీధిని, ఇంటింటిని ఎరుగుట ఆయనకు ఆ రోజులలో అలవడిన విద్య.

నగరములో ఆయనకు తొలి ప్రతికక్షి ప్రొటెస్టెంటు కాడు, తన మతమునకే చెందిన బిషప్పు. 1896లో నగరపాలక సంస్థ వార్డులను పునర్వ్యవస్థీకరించినపుడు కాథలిక్కులకు ఫాల్స్, స్మిత్‌ఫీల్డ్ అను రెండు వార్డులు దక్కినవి. బిషప్ హెన్రీ ఒక కాథలిక్ సంఘమును స్థాపించి, పురోహితులకును ధనవంతులకును నచ్చిన అభ్యర్థులను ఆ వార్డులలో నిలువబెట్టించెడివాడు. ప్రజల రాజకీయము మఠాధిపతుల గుప్పిట ఉండరాదనియు, దేశవ్యాప్తమైన జాతీయోద్యమములో అది భాగము కావలెననియు డెవ్లిన్ వాదించినాడు. బండివాని కుమారుడు బిషప్పును ఎదిరించుట ఆ రోజులలో సామాన్యమైన సాహసము కాదు. దాదాపు పదేండ్లు సాగిన ఆ వివాదములో తుదకు బిషప్పు సంఘమే సన్నగిల్లినది.

పదునారు ఓట్లు

1902లో డెవ్లిన్ ఉత్తర కిల్కెన్నీనుండి పోటీ లేకుండ పార్లమెంటునకు ఎన్నికైనాడు. ఐరిష్ పార్లమెంటరీ పక్షమునకు నాయకుడైన జాన్ రెడ్మండ్ ఈ యువకుని శక్తిని గుర్తించి, చందాలకై అమెరికాకు పంపినాడు. తరువాత ఆస్ట్రేలియా, న్యూజిలాండులకును డెవ్లిన్ వెళ్లివచ్చినాడు. యునైటెడ్ ఐరిష్ లీగు ప్రధాన కార్యదర్శిత్వమును ఆయనకు దక్కినది.

కాని ఆయన చూపు ఎప్పుడును స్వంత వీధిమీదనే. 1906 సాధారణ ఎన్నికలలో కిల్కెన్నీ స్థానమును భద్రముగ చేత నుంచుకొని, పశ్చిమ బెల్‌ఫాస్టులోను నిలిచినాడు. 1892లో జాతీయవాదుల చేజారిన స్థానమది. యూనియనిస్టుల ఓట్లలో స్వల్పభాగమును, 153 ఓట్లను, ఓడల కార్ఖానాలో పేరుపొందిన అలెగ్జాండర్ కార్లైల్ స్వతంత్రుడుగ నిలిచి చీల్చినాడు. డెవ్లిన్ 16 ఓట్ల ఆధిక్యముతో గెలిచినాడు. రెండు స్థానములలో దేనిని ఉంచుకొనవలెనో ఆయన ఆలోచింపవలసిన పని లేకపోయినది. కిల్కెన్నీని వదలి బెల్‌ఫాస్టును స్వీకరించినాడు. 1910లో జరిగిన రెండు ఎన్నికలలోను ఆ స్థానమును నిలుపుకొన్నాడు.

ఈ విజయముల వెనుక ఉన్న బలము పేరు ఏన్షియంట్ ఆర్డర్ ఆఫ్ హైబర్నియన్స్. 1905లో డెవ్లిన్ దానికి అధ్యక్షుడై, మరణించువరకు ఆ పదవిలో నుండినాడు. అది కాథలిక్కులకు మాత్రమే చేరిక కల సంఘము. పతాకములు, మేళతాళములు, ఊరేగింపులు, సభ్యులకు ఆపదలో సాయము, అన్నియు ప్రొటెస్టెంటుల ఆరెంజ్ సంఘమునకు అద్దములో ప్రతిబింబము వంటివి. ఆయన చేతిలో అది కొలది సంవత్సరములలో అనేక రెట్లు పెరిగి, 1911 జాతీయ బీమా చట్టము వచ్చినపుడు వేలకొలది కార్మికుల బీమా వ్యవహారమును నడపు సంస్థ యైనది.

ఇచ్చట ఆయన జీవితములోని మచ్చను దాచుట తగదు. 1909 ఫిబ్రవరిలో డబ్లిన్‌లో జరిగిన పక్ష మహాసభలో, భూస్వాములతోను ప్రొటెస్టెంటులతోను సామరస్యము కోరిన విలియం ఓబ్రియన్ మాటాడబోగా, హైబర్నియన్ కార్యకర్తలు కేకలతోను కర్రలతోను ఆయన వర్గమును అణచివేసినారు. ఆ సభకు లాఠీల మహాసభ యను పేరు నిలిచిపోయినది. 1912 జూన్‌లో కాసిల్‌డాసన్ గ్రామమువద్ద హైబర్నియన్ ఊరేగింపు ఒకటి, విహారమునకు వచ్చిన ప్రొటెస్టెంటు బడిపిల్లల గుంపుతో తలపడినది. ఆ వార్త బెల్‌ఫాస్టు చేరగానే ఓడల కార్ఖానాలనుండి వేలకొలది కాథలిక్కులను, వారితోపాటు వారిపై సానుభూతి కల ప్రొటెస్టెంటు కార్మికులను తరిమివేసినారు. డెవ్లిన్ మతద్వేషి కాడు. కాని తన జనమును కాపాడుటకు ఆయన కట్టిన కోట, ఎదుటివారి కోటగోడను మరింత ఎత్తు చేసినదనుట నిజము.

మిల్లు గుమ్మమున

ఆయనను జనము ప్రేమించుటకు కారణము ఊరేగింపులు కావు. బెల్‌ఫాస్టు నారమిల్లులలో పనిచేయువారిలో అత్యధికులు స్త్రీలును పిల్లలును. పన్నెండేండ్లు నిండిన పిల్లలు కొంతకాలము బడిలోను, కొంతకాలము మిల్లులోను గడుపు పద్ధతి చట్టసమ్మతమై యుండెను. దారము వడకు గదులలో వేడినీటి ఆవిరి. నేల ఎల్లప్పుడు తడి. అందుచేత వడకువారు వట్టికాళ్లతో నిలిచి పనిచేసెడివారు. నార చీల్చు గదులలో ధూళి ఊపిరితిత్తులను తినివేసెడిది. కుట్టుపని ఇంటికి తెచ్చుకొను స్త్రీలకు దొరకు కూలి మరింత హీనము.

పార్లమెంటులో డెవ్లిన్ ఈ కార్మికుల వేతనములను గూర్చియు, గంటలను గూర్చియు, ఫ్యాక్టరీ తనిఖీలను గూర్చియు ఎడతెగక ప్రశ్నలు వేసినాడు. కనీస వేతనములు నిర్ణయించు బోర్డుల పద్ధతిని నారపరిశ్రమకు వర్తింపజేయవలెనని పట్టుబట్టినాడు. ఈ మాటలలో కాథలిక్కు, ప్రొటెస్టెంటు అను భేదము లేదు; ఏలయన తడినేలమీద నిలిచిన కాళ్లలో ఆ భేదము లేదు. మిల్లులలో పనిచేయు స్త్రీలకై సముద్రతీరమున విశ్రాంతి గృహము నొకదానిని ఏర్పరచినాడు. పేద పిల్లలకు విహారయాత్రలు నడపినాడు. ఆయన వివాహము చేసికొనలేదు. ఫాల్స్ వీధులే ఆయన సంసారము.

ఒక జనము తమచేత తామే ఓటు వేసిన దినము

1912లో మూడవ హోంరూల్ బిల్లు వచ్చినది. దానిని ప్రతిఘటింతుమని ప్రతిజ్ఞ చేయుచు ఆ సంవత్సరము సెప్టెంబరు 28న అల్‌స్టర్ యూనియనిస్టులు సంతకములు చేసినారు. పురుషులు 2,37,368, స్త్రీలు వేరొక పత్రముమీద 2,34,046. ఎడ్వర్డ్ కార్సన్ వారి నాయకుడు. స్వచ్ఛంద సైన్యము వెలసినది. 1914 ఏప్రిల్‌లో దానికై లార్న్ రేవున దొంగచాటుగ తుపాకులు దిగినవి. చట్టము 1914 సెప్టెంబరులో పుస్తకమున కెక్కినను, మహాయుద్ధము ముగియువరకు అమలు నిలిచిపోయినది. రెడ్మండ్ పిలుపుమేరకు డెవ్లిన్ ఫాల్స్ యువకులను సైన్యములో చేరుడని ప్రోత్సహించినాడు. వారిలో పలువురు తిరిగి రాలేదు.

1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగినది. దాని నాయకులను ప్రభుత్వము కాల్చి చంపగా దేశము మనస్సు మారిపోవుచుండెను. ఆ తరుణమున బ్రిటిష్ మంత్రి లాయడ్ జార్జి ఒక రాజీ తెచ్చినాడు. హోంరూల్ వెంటనే అమలగును. కాని అల్‌స్టర్‌లోని ఆరు జిల్లాలు ప్రస్తుతమునకు దానికి వెలుపల నుండును. ఇది తాత్కాలికమని రెడ్మండ్‌తోను, శాశ్వతమని కార్సన్‌తోను ఆయన చెప్పినట్లు తరువాత తేలినది.

ఆ ఆరు జిల్లాల జాతీయవాదులను ఒప్పించు భారము డెవ్లిన్ మీద పడినది. ఆయన స్వంత వీధి ఆ ఆరు జిల్లాలలోనిది. దేశమంతటికి స్వపరిపాలన లభించుటకై తన జనమే వెలుపల నుండుటకు ఒప్పుకొనవలెనని తన జనమునే అడుగవలసి వచ్చినది. ఆ రాజీలో బెల్‌ఫాస్టునకు ప్రత్యేక పార్లమెంటు లేదు. ఆరు జిల్లాలు నేరుగ లండన్ పాలనలో నుండును. అది ఆయనకు కొంత ఊరట. ఈ అవకాశము జారవిడిచినచో పార్లమెంటరీ ఉద్యమమే నశించునను భయమును ఆయనను ముందునకు నెట్టినది.

1916 జూన్ 23న బెల్‌ఫాస్టులోని సెయింట్ మేరీస్ హాలులో ప్రతినిధుల సభ జరిగినది. టైరోన్, ఫెర్మానా జిల్లాలవారు, డెర్రీ నగరమువారు తీవ్రముగ ప్రతిఘటించినారు. తమ ప్రాంతమున తాము అధికసంఖ్యాకులై యుండియు వెలుపల నుండుట వారికి అసహ్యము. నాయకులు రాజీనామా చేయుదుమన్నారు. డెవ్లిన్ తన వాక్శక్తినంతయు ధారపోసినాడు. అనుకూలముగ 475, ప్రతికూలముగ 265 ఓట్లు వచ్చినవి. బెల్‌ఫాస్టువారు ఆయనను నమ్మి చేయెత్తినారు.

ఒక నెల తిరుగకముందే లండనులో ఆ రాజీ భగ్నమైనది. హోంరూల్ రాలేదు. కాని దేశమును చీల్చుటకు జాతీయవాదులే ఒప్పుకొన్నారను నింద మాత్రము మిగిలినది. టైరోన్, ఫెర్మానాలవారు ఆ దినమును మరువలేదు. డెవ్లిన్ జీవితములోని అతిపెద్ద విజయము ఈ ఓటే. అతిపెద్ద నష్టమును ఇదియే. తరువాతి కాలమున ఆయన ఎట్టి రాజీనైనను అనుమానముతో చూచుటకు మూలమిచ్చటనే యున్నది. 1917-18లో జరిగిన ఐరిష్ కన్వెన్షన్‌లో, తనకు తండ్రివంటి రెడ్మండ్ మరియొక రాజీకి సిద్ధపడగా, డెవ్లిన్ ఆయనతో విభేదించినాడు. కొలది వారములకు, 1918 మార్చిలో, రెడ్మండ్ మరణించినాడు. పక్ష నాయకత్వము తనకు వచ్చు అవకాశ మున్నను డెవ్లిన్ జాన్ డిలన్‌కు దారి విడిచినాడు.

గెలుపులోని ఓటమి

1918 డిసెంబరు ఎన్నికలు పాత పక్షమును తుడిచిపెట్టినవి. స్వతంత్ర గణతంత్రము కోరిన సిన్‌ఫేన్ 73 స్థానములు గెలిచినది. పార్లమెంటరీ పక్షమునకు ఐర్లండులో మిగిలినవి ఆరు మాత్రమే. సిన్‌ఫేన్ అధ్యక్షుడైన డి వలేరా అప్పుడు ఇంగ్లండు జైలులో నుండియే అనేక స్థానములలో అభ్యర్థిగ నిలిచినాడు. తూర్పు మేయోలో పక్షనాయకుడు డిలన్‌నే ఓడించినాడు. కాని ఫాల్స్ నియోజకవర్గమున డెవ్లిన్‌కు 8,488 ఓట్లు, డి వలేరాకు 3,245 ఓట్లు వచ్చినవి. దేశమంతయు ఒక దారి పట్టగా, ఫాల్స్ ప్రజలు తమవాని వెంట నిలిచినారు.

ఆ విశ్వాసము ఆయనను ఏకాకిని చేసినది. సిన్‌ఫేన్ సభ్యులు లండన్ పార్లమెంటును బహిష్కరించి డబ్లిన్‌లో తమ సభ పెట్టుకొన్నారు. అల్‌స్టర్ కాథలిక్కుల పక్షమున లండనులో మాటాడుటకు డెవ్లిన్, కొలదిమంది సహచరులు మాత్రమే మిగిలినారు. 1920లో ఐర్లండు ప్రభుత్వ బిల్లు వచ్చినది. ఆరు జిల్లాలకు బెల్‌ఫాస్టులో ప్రత్యేక పార్లమెంటు! ఆయన ఎన్నడును కోరనిది, అన్నిటికంటె ఎక్కువ భయపడినది అదియే. మైనారిటీలకు రక్షణలు కావలెనని ఎంత మొత్తుకొన్నను విన్నవారు లేరు. ఆ సంవత్సరాంతమున బిల్లు చట్టమైనది.

ఆ జులైలోనే ఓడల కార్ఖానాలనుండి మరల వేలకొలది కాథలిక్కులను, సోషలిస్టులని అనుమానించిన ప్రొటెస్టెంటులను కూడ వెళ్లగొట్టినారు. 1920 మొదలు 1922 వరకు బెల్‌ఫాస్టు వీధులలో 450కి మించి జనము హతులైనారు. నగరములో నాలుగింట ఒకవంతైన కాథలిక్కులు మృతులలో సగముకంటె ఎక్కువ. ఇరుపక్షములను ఇండ్లు కాలినవి, తల్లులు ఏడ్చినారు.

1920 నవంబరు 21న డబ్లిన్‌లో ఉదయము గణతంత్రవాదులు బ్రిటిష్ అధికారులు పలువురిని కాల్చి చంపగా, సాయంకాలము ప్రభుత్వ బలగములు క్రోక్‌పార్కు క్రీడామైదానమున జనముపై కాల్పులు జరిపి పదునలుగురి ప్రాణములు తీసినవి. మరునాడు కామన్స్ సభలో అధికారుల మృతిని గూర్చియే ప్రసంగము సాగుచుండ, మైదానములో మడిసిన సామాన్యుల మాటేమని డెవ్లిన్ లేచి అడిగినాడు. మోల్సన్ అను సభ్యుడు వెనుకనుండి ఆయన మెడ పట్టి లాగినాడు. సభలో పెనుగులాట రేగి, సమావేశము కొంతసేపు నిలిచిపోయినది. ఆ దినమున ఆయన అడిగిన ప్రశ్న ఏ పక్షమునకును ప్రియమైనది కాదు, అయినను అడుగవలసినదే.

తలుపు బయటనా, లోపలనా?

1921 మేలో బెల్‌ఫాస్టు పార్లమెంటునకు తొలి ఎన్నికలు. యూనియనిస్టులకు 40, డెవ్లిన్ పక్షమునకు 6, సిన్‌ఫేన్‌కు 6 స్థానములు. డి వలేరాతో చేసికొన్న ఒడంబడిక ప్రకారము డెవ్లిన్ సభలో అడుగు పెట్టలేదు. ఆ సంవత్సరాంతపు సంధిలో సరిహద్దు కమిషన్ ఒకటి వాగ్దానము చేయబడినది. టైరోన్, ఫెర్మానాలు దక్షిణమున కలియునని అక్కడివారి ఆశ. బెల్‌ఫాస్టునకు మాత్రము ఆ ఆశయును లేదు. ఏ కమిషనైనను గీతను ఫాల్స్ రోడ్డు వరకు జరుపలేదు గదా!

మైనారిటీ నాయకుని సంకటమంతయు ఇచ్చటనే కలదు. సభలో కూర్చున్నచో విభజనను అంగీకరించినట్లగును. వెలుపల నున్నచో బడులు, కొలువులు, ఇండ్లు, పింఛనులు అన్నియు తన జనము పరోక్షమున ఇతరులు తీర్మానింతురు. వెలుపల నున్న కాలములోనే, 1922లో స్థానిక ఎన్నికలలో దామాషా ప్రాతినిధ్య పద్ధతి రద్దై, వార్డుల సరిహద్దులు మరల గీయబడినవి. కాథలిక్కులు అధికసంఖ్యాకులైన డెర్రీ నగరమే వారి చేజారినది. 1925 ఏప్రిల్‌లో డెవ్లిన్ ఒక సహచరునితో కలిసి సభలో ప్రవేశించినాడు. ఆ సంవత్సరాంతమున సరిహద్దు కమిషన్ భగ్నమై, గీత ఉన్నచోటనే నిలిచినది. ఇతర జాతీయవాదులును ఒకరి వెనుక ఒకరు లోనికి వచ్చినారు. 1928లో నేషనల్ లీగ్ ఆఫ్ ది నార్త్ అను సంస్థకు డెవ్లిన్ అధ్యక్షుడు, ఫెర్మానావాడైన కాహిర్ హీలీ కార్యదర్శి.

ఆయన సాధించినది కొద్ది. 1930 విద్యా చట్టము మూలమున కాథలిక్ పాఠశాలల కట్టడమునకు సగము వ్యయము ప్రభుత్వమునుండి లభించునట్లు చేసినాడు. నిరుద్యోగులను గూర్చియు, వృద్ధులను గూర్చియు తుదివరకు వాదించినాడు. ఆ వాదములలో షాంకిల్ పేదలకును చోటుండెడిది. కాని ఓటింగు ఫలితము ముందుగనే తెలిసిన సభలో వాదనకు ఫలమేమి? 1929లో పార్లమెంటు ఎన్నికలకును దామాషా పద్ధతి రద్దైనది. ఆ సభ 1972లో నిలిపివేయబడువరకు జాతీయవాదులు ప్రతిపాదించి నెగ్గించుకొన్న చట్టముగ చరిత్రకారులు చూపునది ఒక్కటే: 1931 నాటి అడవిపక్షుల రక్షణ చట్టము. పక్షులకు దొరకిన రక్షణ ఆ సభలో వారి ఓటర్లకు దొరకలేదు.

1932 మేలో విసిగిపోయిన డెవ్లిన్ తన పక్షముతో సభను వీడినాడు. ఆ అక్టోబరులో ఒక వింత జరిగినది. నిరుద్యోగ సహాయము చాలదని ఫాల్స్, షాంకిల్ వీధుల కూలివారు కలిసి సమ్మె కట్టి, కలిసి పోలీసులను ఎదిరించినారు. డెవ్లిన్ జీవితమంతయు కలగన్న దృశ్యము కొలది దినములు కనబడి మాయమైనది. అది ఆయన నడిపిన ఉద్యమము కాదు. ఆయన కట్టిన సంఘములలో దానికి చోటును లేదు. నవంబరులో స్టార్మంట్ కొండమీద క్రొత్త పార్లమెంటు భవనమును వేల్సు యువరాజు ప్రారంభించినపుడు జాతీయవాదులు వెళ్లలేదు.

తుది యాత్ర

1934 జనవరి 18న, అరువది మూడవ యేట, డెవ్లిన్ బెల్‌ఫాస్టులో మరణించినాడు. శవయాత్రలో ఫాల్స్ జనమంతయు నడిచినది. డబ్లిన్ ప్రభుత్వ ప్రతినిధులు వచ్చినారు. జీవితాంతము ఆయనను ఓడించుచు వచ్చిన బెల్‌ఫాస్టు ప్రభుత్వ మంత్రులును వచ్చి, శవపేటిక వెంట నడిచినారు. బ్రతికియుండగా కూర్చలేని రెండు వర్గములను ఆ ఒక్క దినము ఆయన మృతదేహము కూర్చినది. మిల్‌టౌన్ శ్మశానమున ఆయనను సమాధి చేసినారు.

1969లో మరల అల్లరులు చెలరేగి ఫాల్స్, షాంకిల్ వీధుల నడుమ గోడ లేచినది. ముప్పదేండ్ల హింస పిమ్మట 1998 ఏప్రిల్‌లో జరిగిన ఒడంబడిక, ఉభయ వర్గములు కలిసి అధికారము పంచుకొను పద్ధతిని నెలకొల్పినది. డెవ్లిన్ 1920లో అడిగిన రక్షణల మాట వినిపించుటకు డెబ్బదియెనిమిదేండ్లు పట్టినది. 2021 జనాభా లెక్కలలో ఉత్తర ఐర్లండున కాథలిక్ కుటుంబములకు చెందినవారు 45.7 శాతము, ప్రొటెస్టెంటు కుటుంబములవారు 43.5 శాతము. శాశ్వతమైన అధికసంఖ్యకై గీయబడిన గీత, నూరేండ్లు తిరుగునప్పటికి ఆ పనిని నెరవేర్చలేకపోయినది.

డెవ్లిన్‌ను దోషము లేనివాడనరాదు. ఒకే మతమువారి సంఘముమీద తన బలమును నిలిపినాడు. 1916లో తన వారిచేత చేయించిన ఓటు వారికే కీడు చేసినది. కాని సులభమైన దారులు ఆయనకు ఎప్పుడును తెరచియే ఉండెను. దక్షిణమున ఒక సురక్షిత స్థానము చూచుకొని వెళ్లిపోవచ్చును; లండనులో పదవి పొందవచ్చును. ఆయన రెండును చేయలేదు. 1906లో కిల్కెన్నీని విడిచి ఫాల్స్ వీధిని ఎన్నుకొన్ననాడే ఆయన తన నిర్ణయము చేసినాడు. పదునారు ఓట్ల ఆధిక్యముతో తనకు దక్కిన జనమును ఇరువది యెనిమిదేండ్లు విడువలేదు.